పెదవికి తెలిసిన తడి

మా అత్తయ్య నన్ను కోడలిగా ఎంచుకున్నది నా చదువు చూసి కాదు. అందం చూసి అసలే కాదు. తాగగా మిగిలిన టీని నేను ఫెర్న్ కుండీలో పొయ్యలేదని. ఈ ముక్క పెళ్ళయిన వారానికి ఆవిడే నాతో చెప్పింది. నవ్వుతూ చెప్పి ఉంటే మురిసిపోయేదాన్నేమో. చీపురు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

అప్పటికి నేను రక్తపరీక్షలూ ఎక్స్‌రేలూ చేసే సెంటర్లో రిసెప్షన్ బల్ల దగ్గర చేరి రెండేళ్ళయింది. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను. హాల్లో ముప్ఫై కుర్చీలు, గొంతు నొక్కేసిన టీవీ ఒకటి, మంచినీళ్ళ డబ్బా ఒకటి, గోడ వారగా ఆరు ఫెర్న్ కుండీలు. కుండీలు సెంటర్‌వి కావు. ఒక నర్సరీ వాళ్ళు ఆఫీసులకి మొక్కలు అద్దెకిస్తారు. వాటిని చూసుకునే మనిషిని కూడా వాళ్ళే పంపుతారు. ఆ మనిషి మా అత్తయ్య. అప్పట్లో నాకు అత్తయ్య కాదు, మంగళవారం, శుక్రవారం వచ్చే మొక్కలావిడ. అలాంటి ఆఫీసులు ఎనిమిది తిరిగేది. భుజానికి ఒక గుడ్డసంచి, అందులో చిన్న కత్తెర, స్ప్రే సీసా, రెండు నీళ్ళ సీసాలు, పాత బనీను గుడ్డ.

రిపోర్టు కోసం ఎదురుచూసే మనిషి చేతులు ఊరుకోవు. పక్కనున్న ఫెర్న్ రెమ్మని లాగి ఒక్కొక్క ఆకే దూసి కింద పోస్తారు. టీ ఒంపుతారు. బిస్కెట్లు ముక్కలు చేసి వేస్తారు. ఒకాయన భార్య చూడకుండా తన బీపీ మాత్రని మట్టిలో పాతిపెట్టాడు, మొలకెత్తుతుందనుకున్నాడో ఏమో. నేను మాత్రం మిగిలిన టీ తీసుకెళ్ళి సింకులో పోసేదాన్ని. అది శుభ్రం కోసమే గాని మొక్క మీద ప్రేమతో కాదు. ఆ సంగతి అత్తయ్యకి చెప్పలేదు. చెప్పి కాపురంలో కలతలు తెచ్చుకోవడం దేనికి?

ఆవిడ పని చేస్తుంటే చూడటం నాకు మొదటినుంచీ ఇష్టం. సంచి కింద పెట్టి, కుడిచేతి చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. అంతే, లెక్క తేలిపోయేది. దీనికి సగం సీసా, దీనికి అసలొద్దు, దీన్ని ఏసీ గాలికి దూరంగా జరపాలి. ఫెర్న్‌కి మట్టి ఎప్పుడూ పిండిన గుడ్డంత తడిగా ఉండాలట. ఎండితే ఆకుల కొసలు మాడతాయి. నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది, అప్పుడూ ఆకు గోధుమరంగుకే తిరుగుతుంది. అందుకని ఆకు రంగు చూసి కంగారుగా నీళ్ళు పోసేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. మాడిన కొసల్ని కత్తిరించడం ఇంకో విద్య. అడ్డంగా కత్తిరిస్తే పిల్లాడికి ఇంట్లోనే క్రాపు చేసినట్టు తెలిసిపోతుంది. ఆకు తనంతట తాను ఎలా సన్నబడుతుందో అలాగే ఏటవాలుగా, వెంట్రుకవాసి మాడిన అంచు మిగిల్చి కత్తిరించాలి. పచ్చ తెగితే ఆ చోట మళ్ళీ మాడుతుందట.

ఊడ్చే ఆమె ఒకసారి ఆకుల వెనక వరసగా గోధుమరంగు చుక్కలు చూసి పురుగులనుకుని తడిగుడ్డతో తుడిచి పారేసింది. అత్తయ్య నెత్తి కొట్టుకుంది. “అవి దాని విత్తనాలే తల్లీ! ఆరు కుండీల సంతానాన్ని ఒక్క పూటలో ఊడ్చేశావు కదే!” అంది. అప్పట్లో అలా మాట్లాడేది. కోపం ఉండేది, వెటకారం ఉండేది. ఇంట్లో మామయ్యకీ ఆవిడకీ మాటకి మాట నడుస్తుండేది.

మామయ్య లిఫ్టు మెకానిక్. పగలంతా లిఫ్టుల్లో ఒంటరిగా ఉంటారు కాబట్టి సాయంత్రం అందరికీ కలిపి మాట్లాడేవారు. రెండేళ్ళ కిందట ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో చేరి, పదకొండో రోజు మధ్యాహ్నం పోయారు. ఆ సమయానికి మంచం పక్కన అత్తయ్య ఒక్కతే ఉంది. నేనూ మా ఆయనా పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి నర్సు తెర లాగుతోంది. అత్తయ్య స్టూలు మీద కూర్చుని ఆయన చేతిని తన రెండు చేతుల్లో పట్టుకునే ఉంది. ఎప్పుడు పోయారని మా ఆయన అడిగితే, “మూడింటికి” అంది. ఏడవలేదు.

ఇంటికొచ్చాకా ఏడవలేదు. ఏడుస్తూ వచ్చి మీద పడ్డవాళ్ళ వీపు నిమిరింది. నేను వంటింట్లో వెక్కివెక్కి ఏడుస్తుంటే వెనకనుంచి, “పాలు పొంగుతున్నాయి, స్టవ్ తగ్గించు” అంది. రెండు వారాలకి సంచి భుజాన వేసుకుని పనికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. దాచుకోవడం దేనికి? ఆ మనిషి నన్ను కూతురిలా చూసుకున్నారు. మా నాన్న కూడా నా తిండి గురించి అన్నిసార్లు అడగలేదు. ఆయన కోసం ఇంటావిడ కంట్లోంచి ఒక్క చుక్క రాదా? “మీ అమ్మకి ఉన్నది గుండె కాదు, సిమెంటు కుండీ” అన్నాను మా ఆయనతో. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నోరు జారానని తెలుసు, అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ ఏదీ తెలియనట్టు అయిపోయింది. కూరలో ఉప్పు ఎక్కువైతే ముగ్గురం తినేవాళ్ళం, మరిచిపోతే కూడా తినేవాళ్ళం. అత్తయ్య కాలే గిన్నెని గుడ్డ లేకుండా దించేది. “కాలదా?” అంటే “ఏమో” అనేది. మామయ్య కుర్చీలో ఎవరం కూర్చోలేదు, తీసెయ్యనూ లేదు, దాని చుట్టూ ఊడ్చుకున్నాం. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి పేపరు పట్టుకుంటే అదే పేజీ గంటసేపు తెరిచి ఉండేది. బాధ కూడా ఉండేది కాదు, నిజం చెప్పాలంటే. పంటి డాక్టరు సూది ఇచ్చాక చెంప ఎలా ఉంటుందో మా ఇల్లు అలా ఉండేది.

పొద్దున ఆరున్నరకి సంచి సర్దుకునేటప్పుడు మాత్రం అత్తయ్యలో పాతమనిషి కాస్త కనిపించేది. సీసాల మూతలు చూసుకునేది, కత్తెర తుడుచుకునేది. ఆ పని కూడా పోతే ఆవిడ గోడకి తిరిగి పడుకుని ఇక లేవదని నాకు భయంగా ఉండేది. ఆ భయం మా ఆయనకీ ఉందని తెలుసు. ఇద్దరం పైకి అనుకోలేదు.

ఈ ఏడాది మొదట్లో మా హాల్లో ఫెర్న్‌లు మాడటం మొదలైంది. ముందు కొసలు, తర్వాత సగం రెమ్మలు. ముట్టుకుంటే పొడిపొడిగా రాలేవి. అత్తయ్య ఏటవాలుగా కత్తిరించింది. వారానికి మళ్ళీ మాడాయి. ఏసీ గాలి అంది, కుండీలు జరిపింది. కుళాయి నీళ్ళలో ఉప్పుందంది, ఇంట్లో మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు సీసాల్లో మోసుకొచ్చింది. గాలిలో తేమ లేదంది, పళ్ళేల్లో గులకరాళ్ళు పోసి, నీళ్ళు పోసి, వాటి మీద కుండీలు నిలబెట్టింది. ఎరువు ఆపేసింది. ఫెర్న్‌లు ఏదీ చెవిన వేసుకోలేదు. మిగతా ఆఫీసుల్లోనూ ఇదే వరస అని నర్సరీ యజమానికి ఫోన్లు వెళ్ళాయి.

నర్సరీ యజమానికి పుప్పొడి పడదు. పువ్వుల మధ్య బతుకుతూ రోజంతా తుమ్ముతుంటాడు. మేమంతా తుమ్ముల సారు అంటాం. ఆయన స్వయంగా వచ్చి, ఆరు కుండీల ముందూ ఆరుసార్లు తుమ్మి, అత్తయ్యని నా బల్ల పక్కకి పిలిచాడు.

“చూడమ్మా, ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఒక్క మాట అన్నానా? ఇప్పుడు మూడు ఆఫీసుల వాళ్ళు మనిషిని మార్చమంటున్నారు. వచ్చే నెల ఇరవయ్యో తారీకు మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే వేరేవాళ్ళని పెట్టుకోక తప్పదు. మీరూ ఎంతకాలమని తిరుగుతారు? ఇంటిపట్టున ఉండండి హాయిగా.”

“సరే సారూ” అంది అత్తయ్య. ఆ ‘హాయిగా’ అన్న మాటకి నాకు ఆయన నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక నేనే ఒక కుండీలో వేలు పెట్టి చూశాను. మట్టి ఇటుకలా ఉంది. పక్క కుండీ కూడా అంతే. నీళ్ళు పొయ్యడం మరిచిపోతోందన్నమాట. వయసు మీద పడింది, మనసు ఎక్కడో ఉంది. అడిగితే చిన్నబుచ్చుకుంటుంది. అందుకని గొప్ప తెలివైన పని ఒకటి చేశాను. ఎవరికీ చెప్పకుండా రోజూ పొద్దున డ్యూటీకి పావుగంట ముందే వచ్చి, మంచినీళ్ళ డబ్బాలోంచి కుండీకి ఒక గ్లాసు చొప్పున పోశాను. మళ్ళీ వేలు పెట్టి చూడాలని మాత్రం తట్టలేదు. పది రోజులు పోశాను. ఫెర్న్‌లు కొత్తరకంగా గోధుమరంగుకి తిరిగాయి, ఈసారి మొదట్నుంచి, మెత్తగా, వాసనతో. నీళ్ళు చాలడంలేదనుకుని రెండేసి గ్లాసులు చేశాను. ఆకు రంగు చూసి నీళ్ళు పోసేవాళ్ళ గురించి అత్తయ్య ఏమనేదో పదేళ్ళుగా వింటూనే ఉన్నాను. విన్నది ఎక్కడికి పోయిందో తెలియదు.

ఒక సోమవారం పొద్దున రెండు చేతుల్లో రెండు గ్లాసులతో ఎక్స్‌రే గది తలుపు పక్కనున్న ఆరో కుండీ దగ్గరికి వెళ్ళేసరికి, అక్కడ అత్తయ్య వంగి సీసా ఒంపుతోంది. సోమవారం ఆవిడ బ్యాంకు ఆఫీసుకి వెళ్ళాలి. అక్కడికే అని చెప్పి ఇంట్లోంచి బయల్దేరింది. హాల్లో పరగడుపు రక్తపరీక్షకి వచ్చిన ముసలాయన ఒకాయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు.

“ఇవాళ మీ రోజు కాదు కదత్తయ్యా?”

“ఆ గ్లాసులేంటి?”

దొంగతనానికి వచ్చిన ఇద్దరు ఒకే ఇంట్లో ఎదురుపడ్డట్టు నిలబడ్డాం. నేను కిందికి చూశాను. పళ్ళెంలో గులకరాళ్ళు మునిగి, నీళ్ళు నేల మీదికి పారుతున్నాయి.

“ఇంకా ఎన్ని పోస్తారు? వేలు పెట్టి చూడండి, లోపల చెరువుంది” అన్నాను.

అత్తయ్య వేలు పెట్టింది. రెండో కణుపు దాకా దించింది. వేలి చుట్టూ నీళ్ళు బుడబుడమని పైకి ఉబికాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది.

“పొడిగానే ఉంది” అంది.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆవిడ మొహం చూశాను. అబద్ధం చెప్పే మొహం కాదది. గ్లాసులు కింద పెట్టి ఆవిడ చెయ్యి తీసుకుని నా చున్నీతో తుడిచాను. బొటనవేలి మీద నీటిబుడగ ఉంది, కాలిన బొబ్బ. చూపుడువేలి మీద మానిన మచ్చలు మూడు. నేను చిటికెనవేలు గిల్లాను, గట్టిగానే. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది తప్ప చెయ్యి వైపు చూడలేదు.

“ఎప్పట్నుంచి అత్తయ్యా?”

“మూడేళ్ళు దాటింది.” కుర్చీలో కూర్చుంది. “ముందు వేడీ చల్లదనం తెలియడం మానేశాయి. షుగరుంది కదా, అదే అనుకున్నా. తడి మాత్రం కణుపు దగ్గర నొక్కితే తెలిసేది. కుడిచెయ్యి పోయాక ఎడమచేత్తో చూశా. ఈ ఏడు అదీ పోయింది. మిషన్‌లాగా రోజు లెక్కన పోస్తున్నా. సారు గడువు పెట్టాక భయమేసి నా రోజు కాకపోయినా వచ్చి పోస్తున్నా.”

“మరి చెప్పరేం! ఆ గోడవతలే నరాల పరీక్ష చేస్తారు. చీటీ రాసేది నేనే. పదడుగులు లేదు!”

“చెప్తే ఎప్పట్నుంచి అని అడుగుతారుగా. నువ్వు అడిగావుగా ఇప్పుడు.”

“అడిగితే ఏమైంది?”

ఆవిడ కునుకు తీసే ముసలాయన వైపు చూసింది. తర్వాత గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది.

“ఆ రోజు మీ మామయ్య చెయ్యి పట్టుకుని కూర్చున్నా కదా. నిద్ర పట్టిందనుకున్నా. ఛాతీ కదులుతోందా లేదా అని చూడలేదు. చెయ్యి నా చేతుల్లోనే ఉంది, ఏదన్నా అయితే తెలుస్తుందిలే అనుకున్నా. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా. నర్సు వచ్చి ముట్టుకుని, ఎంతసేపయిందమ్మా, చల్లగా అయిపోయారు కదా, అంది. ఎంతసేపయిందో నాకేం తెలుసు? అరగంటో, గంటో. అబ్బాయి అడిగితే గోడ మీద గడియారం చూసి మూడింటికి అని చెప్పా. ఊరికే చెప్పా. చేతిలో చెయ్యి పెట్టుకుని కూడా తెలీలేదమ్మాయ్ నాకు. ఇక ఏ మొహం పెట్టుకుని ఏడవను?”

నేను సిమెంటు కుండీ అన్న మాట గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద, ఆ పారుతున్న నీళ్ళలోనే కూర్చుండిపోయాను. చెప్పగలిగింది ఒక్కటే ఉంది, అది చెప్పేశాను. “పదిహేను రోజులుగా నేను కూడా రోజూ నీళ్ళు పోస్తున్నా అత్తయ్యా. ఇవి కుళ్ళింది నా వల్లే.”

ఆవిడ నా వైపు, గ్లాసుల వైపు, కుండీల వైపు మార్చి మార్చి చూసింది.

“టీ పొయ్యదు కదా, బుద్ధిమంతురాలనుకున్నా” అంది. రెండేళ్ళలో ఆవిడ నోట వెటకారం వినడం అదే మొదలు.

ఇరవయ్యో తారీకుకి పద్ధెనిమిది రోజులుంది. ఆ పూటే పళ్ళేలు వంచేశాం. కుళ్ళిన రెమ్మల్ని మొదటికంటా తీసేశాం. ఒక్కో మొక్కనీ మట్టితో సహా కుండీలోంచి లాగి, పాత పేపర్ల మీద ఆరబెట్టి, నల్లబడిన వేళ్ళు కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టాం. మొదటి మూడు రోజులు నేనే ఆవిడ వేలు. ఆవిడ అడిగేది, నేను వేలు పెట్టి చెప్పేదాన్ని. “పిండిన గుడ్డలా ఉందా, తుడిచిన గచ్చులా ఉందా?” అనేది. నాలుగో రోజు ఆవిడకే విసుగొచ్చింది. “మిగతా ఏడు చోట్లా ఎవరి వేలు అరువడగను?” అంది.

అప్పుడు టీ తాగుతోంది. పెదవికి కప్పు తగలగానే “అబ్బ, కాలింది” అని దించింది. నేను ఆవిడ మొహం వైపు, ఆవిడ నా మొహం వైపు చూసుకున్నాం. నేను లేచి లోపలికి పోయి, గొంతు చూడటానికి నాలుక మీద అదిమిపెట్టే చెక్కపుల్లలు గుప్పెడు తెచ్చాను. ఆవిడ ఒకటి తీసుకుని మట్టిలో గుచ్చి, ఇరవై దాకా అంకెలు లెక్కపెట్టి, లాగి, కింది పెదవికి ఆనించుకుంది. “చల్లగుంది. తడుంది” అంది. ఇంకో కుండీలో గుచ్చింది. “ఇది పొడి.” నేను వేలు పెట్టి చూశాను. రెండూ సరే.

అప్పట్నుంచి ప్రతి కుండీకీ ఒక పుల్ల. హాల్లో కూర్చున్నవాళ్ళు గుడ్లప్పగించి చూసేవాళ్ళు. ఒకావిడ నా బల్ల దగ్గరకొచ్చి, “ఆమె మట్టి తింటోందమ్మా, పాపం రక్తం తక్కువేమో, ఐరన్ పరీక్ష చేయించండి” అని రహస్యంగా చెప్పింది. చేయిస్తానన్నాను. ఐదు కుండీల్లో నడిమధ్య నుంచి చుట్టలు చుట్టుకున్న కొత్త రెమ్మలు లేచాయి. ఆరోది, ఎక్స్‌రే తలుపు దగ్గరిది, లేవలేదు. నేను అందరికంటే ఎక్కువ నీళ్ళు పోసింది దానికే. అత్తయ్య మిగతా ఆఫీసుల మధ్య వీలు చూసుకుని రోజూ రెండు పూటలా వచ్చి దాని పక్కన కూర్చునేది. మట్టి పక్కకి తోసి, వంగి, దాని మొదలుకి పెదవి ఆనించి చూసేది. నరాల పరీక్ష మాటెత్తితే మాత్రం ఇరవయ్యో తారీకు పోనియ్యమంది.

ఇరవయ్యో తారీకు పొద్దున నేను ఒక ఏర్పాటు చెప్పాను. తుమ్ముల సారు వేలు పెట్టి చూడమంటే, నేను బల్ల దగ్గర పెన్ను నొక్కుతాను. ఒకసారి టక్కుమంటే పొడి, రెండుసార్లయితే తడి. అత్తయ్య కత్తెర తుడుచుకుంటూ వింది.

సారు పదింటికి వచ్చాడు. హాలు నిండా జనం. తుమ్ముకుంటూ ఒక్కో కుండీ చూశాడు. ఆకులు ఎత్తి వెనక చూశాడు. “ఇక్కడ బాగానే కోలుకున్నాయే!” అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత మూడో కుండీ దగ్గర ఆగాడు. “ఏదీ, దీనికి ఇవాళ నీళ్ళు కావాలో వద్దో వేలు పెట్టి చెప్పండి. మీ వేలు తిరుగులేనిదని మా కుర్రాళ్ళకి చెప్తుంటాను.”

నేను పెన్ను రెండుసార్లు నొక్కాను. అత్తయ్య నా వైపు చూడలేదు. ఇంకా గట్టిగా నొక్కాను.

“నా వేళ్ళకి తెలీదు సారూ. మొదలై మూడేళ్ళయింది. పుల్లతో చూస్తా.”

“మూడేళ్ళా? మరి ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశారా?”

“అవును సారూ.”

అంత సూటిగా ఒప్పుకుంటే ఎదుటివాళ్ళు ఏమంటారు? ఆయన తుమ్మడం కూడా మరిచిపోయాడు. అత్తయ్య పుల్ల గుచ్చి, లెక్కపెట్టి, లాగి పెదవికి ఆనించుకుంది. “తడుంది. రేపు సగం సీసా చాలు” అంది. ఆయన తన వేలు పెట్టి చూసుకున్నాడు. రుమాలుతో తుడుచుకున్నాడు. హాల్లో అందరూ మూగ టీవీ మానేసి వీళ్ళనే చూస్తున్నారు.

“సరిగ్గానే చెప్పారు” అన్నాడు చివరికి. “కానీ ఇప్పుడు మిగతా ఆఫీసుల వాళ్ళందరూ మార్చమంటున్నారు, చెప్తే వినరమ్మా. మాటిచ్చేశాను, ఆ ఏడింటికీ రేపట్నుంచి వేరే మనిషి వస్తాడు. ఇక్కడిది మీ దగ్గరే ఉంచండి. పుల్లతో చూస్తారో ముక్కుతో చూస్తారో నాకనవసరం, ఆకు పచ్చగా ఉండాలి.”

“సరే సారూ.”

ఎనిమిదిలో ఒకటి మిగిలింది. ఏడు పోయినందుకు బాధపడాలో, ఒకటి ఉన్నందుకు సంతోషించాలో నాకు అర్థం కాలేదు. ఆయన వెళ్ళబోతూ ఆరో కుండీ చూసి ఆగాడు. దానికి ఇంకా రెండు ఆకులు పచ్చగా ఉన్నాయి.

“దీన్ని షెడ్డుకి తీసుకెళ్తాను. నీడలో పెడితే లేస్తుందేమో.”

“లేవదు సారూ” అంది అత్తయ్య. “పోయింది.”

“అదేంటి, పచ్చగా ఉందిగా ఇంకా?”

“ఆకులకి ఇంకా తెలీదు. నిన్న పొద్దున మొదలు గట్టిగా ఉంది. మధ్యాహ్నం నేను పక్కన కూర్చున్నప్పుడే మెత్తబడింది. రెండున్నర అప్పటికి. చూస్తూనే ఉన్నా. నిన్న మధ్యాహ్నం రెండున్నరకి పోయింది.” ఆగింది. “ఇది నాకు తెలిసింది” అంది.

అని, ఆ కుండీ అంచు రెండు చేతుల్తో పట్టుకుని నేల మీద కూర్చుంది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత గొంతులోంచి, నేనెప్పుడూ విననంత పెద్దగా ఏడుపు వచ్చింది. ముప్ఫై కుర్చీల్లోని మనుషులు బిత్తరపోయారు. తుమ్ముల సారు గాభరాగా, “అయ్యో, ఒక్క మొక్కకి ఇంత ఏడుపేంటమ్మా, రేపే ఇంకోటి పంపిస్తాను” అంటున్నాడు. నేను బల్ల వెనకనుంచి పరుగెత్తుకొచ్చి ఆవిడని పొదివి పట్టుకున్నాను. నేనూ ఏడుస్తున్నాను. ఆవిడ నా భుజం మీద మొహం పెట్టి, మామయ్యని ఏమని పిలిచేదో అలా పిలుస్తూ, ఏడుస్తోంది.

ఆ సెంటర్లో అలా ఏడ్చేవాళ్ళంటే రిపోర్టు చెడ్డగా వచ్చినవాళ్ళే. పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ నా వీపు మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది. “ఎవరికమ్మా?”

“మా మామయ్యండీ. పోయారు.”

“అయ్యో తల్లీ. ఎప్పుడు?”

“తెలీదండీ” అన్నాను.